సయాం రైలు లెక్క
యుద్ధ నేరానికి శిక్ష, నష్టానికి పరిహారం, ఓడిన రాజ్యానికి మళ్ళీ సభ్యత్వం

మన కుటుంబాలలో పెద్దలు "జపాను వాడి కాలం" అని మాట ఎత్తితే, దాని వెనుకే వచ్చే రెండో మాట "సయాం". మలయా రబ్బరు తోటల నుండి, కొబ్బరి తోటల నుండి సయాం–బర్మా రైలు మార్గం పనికి పోయి తిరిగి రానివారు తమిళులలో వేలకు వేలు. వారితో పాటు మన తెలుగువారు, మలయాళీలు కూడ పోయారు. ఈ కథ మనకు కొంత తెలుసు. కాని ఆ తరువాతి కథ మన పిల్లలలో చాలామందికి తెలియదు. ఆ పాపానికి ఎవరైనా శిక్ష అనుభవించారా? చచ్చినవారి కుటుంబాలకు ఎవరైనా ఏమైనా ఇచ్చారా? జపాను మళ్ళీ పది రాజ్యాల మధ్య గౌరవంగా ఎలా కూర్చోగలిగింది? ఈ మూడు ప్రశ్నలకు వీలైనంత సులభంగా సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యుద్ధం ముగిసిన తరువాత మూడు ఖాతాలు తెరుచుకుంటాయి. మొదటిది నేరం చేసిన మనుషులకు శిక్ష. దీనిని న్యాయస్థానం చూస్తుంది. రెండవది నష్టపోయినవారికి పరిహారం. దీనిని రాజ్యాలు సంధి పత్రంలో తేల్చుకుంటాయి. మూడవది, ఓడిన రాజ్యాన్ని మళ్ళీ పంక్తిలో కూర్చోబెట్టడం, అనగా ఐక్యరాజ్య సమితిలోనో, రక్షణ కూటమిలోనో, వర్తక కూటమిలోనో చేర్చుకోవడం. మొదటి రెండు ఖాతాలు తేలకుండా మూడవది ముగిసిపోతే, ఆ తరువాత అడిగేవాడికి చోటు ఉండదు. మన తోటల వారి విషయంలో జరిగింది అదే.

నీసూన్ శిబిరం, క్రాంజి గోడలు

నేడు యీషున్ అంటే ఎత్తైన భవనాలు, రైలు స్టేషను, బజారు. ఆ పేరు లిమ్ నీ సూన్ (1879–1936) అనే ప్రసిద్ధ వర్తకుని పేరుకు మాండరిన్ ఉచ్చారణ. ఆయన రబ్బరు, అనాస తోటల మీద ఎదిగినవాడు. యుద్ధానికి పూర్వం ఇదంతా తోటల సీమ. బ్రిటిషువారు ఇక్కడ సైనిక బారకాసులు కూడ కట్టారు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. రెండు రోజుల తరువాత ఫారర్ పార్కు మైదానంలో 40 వేలకు పైగా భారతీయ సైనికులను జపానువారికి అప్పగించారు. వారిని అక్కడి నుండి పలు శిబిరాలకు పంచారు. వాటిలో నీసూన్ ముఖ్యమైనది. ఆ సైనికులలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరని వారిలో చాలామందిని ఓడలలో కుక్కి న్యూగినీ వైపుకు, పసిఫిక్ సముద్రపు దీవులకు పనికి పంపారు.

యీషున్‌కు పడమరగా క్రాంజి యుద్ధ స్మారక స్థలం ఉన్నది. సమాధి కూడ దక్కని 24 వేల మందికి పైగా సైనికుల పేర్లు అక్కడి గోడల మీద చెక్కి ఉన్నాయి. అందులో భారతీయుల పేర్లు వేలు. సైనికునికి పటాలం పుస్తకంలో పేరు, నంబరు, ఊరు ఉంటాయి. కనుక శవం దొరకకపోయినా పేరు గోడ ఎక్కింది. తోట కూలీకి అటువంటి పుస్తకం లేదు. ఉన్న చెక్‌రోలు తోట కిరాణీ దగ్గర ఉండేది. ఆ కాగితాలు ఎన్ని మిగిలాయో ఎవరికెరుక! ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు చెప్పబోయేదంతా దీని మీదనే నిలిచి ఉన్నది.

తోట నుండి రైలు దారికి

బర్మాలో ఉన్న జపాను సైన్యానికి సరుకు పంపడానికి సముద్ర మార్గం ప్రమాదకరమైంది. అందుకని సయాంలోని బాన్‌పోంగ్ నుండి బర్మాలోని తన్‌బ్యుజయాత్ వరకు, అడవులలోనుండి కొండలలోనుండి 415 కిలోమీటర్ల రైలు దారి వేయాలని 1942లో తీర్మానించారు. రెండు వైపుల నుండి వేసిన పట్టాలు 1943 అక్టోబరు 17న కలిశాయి. పదహారు నెలలలోపు పని ముగిసిందని లెక్క. ఆ తొందరకు మూల్యం మనుషుల ప్రాణాలు.

ఈ పనిలో 60 వేలకు పైగా బ్రిటిషు, ఆస్ట్రేలియా, డచ్చి, అమెరికా యుద్ధ ఖైదీలు ఉన్నారు. వారిలో 12 వేలకు పైగా మరణించారు. లోకం సినిమాలలో చూసిన కథ వీరిదే. కాని వీరికంటె ఎన్నో రెట్లు ఎక్కువగా ఆసియా కూలీలు ఉన్నారు: బర్మావారు, మలయా నుండి వెళ్ళిన భారతీయులు, మలాయీలు, చీనావారు, జావావారు. వీరి సంఖ్య రెండు లక్షలకు అటూ ఇటూ అనీ, చచ్చినవారు సుమారు 90 వేలనీ చరిత్రకారులు చెప్పే అంచనా. మలయా నుండి తీసుకుపోబడినవారు 70 వేలకు పైబడి ఉంటారు. ఇవి అంచనాలు మాత్రమే. ఖైదీల చావులకు పేర్లతో సహా పట్టిక ఉన్నది. కూలీల చావులకు ఉన్నది గుండు సున్నాలతో ముగిసే అంకె.

మనవారిని తీసుకుపోయిన పద్ధతి కూడ తెలుసుకోదగినది. యుద్ధం వల్ల రబ్బరు ఎగుమతి ఆగిపోయింది. తోటలలో పని లేదు, బియ్యం లేదు, గుడ్డ లేదు. రోజుకు ఒక డాలరు కూలీ, తిండి, మూడు నెలలలో తిరిగి రావచ్చునని ఆశ పెట్టారు. ఆశకు లొంగనిచోట ప్రతి తోట ఇంతమందిని పంపాలని కిరాణీల మీద, కంగాణీల మీద వత్తిడి తెచ్చారు. ఊరికే సినిమా చూపిస్తామని పిలిచి, తలుపులు మూసి లారీలకు ఎక్కించిన సంగతులను తిరిగి వచ్చినవారు చెప్పారు. ఆ డాలరు కూడ అరటిచెట్టు బొమ్మ నోటు. యుద్ధం ముగిసేసరికి అది చిత్తు కాగితం.

1943 వానకాలంలో కలరా వచ్చింది. ఖైదీల శిబిరాలలో వారి సైనిక వైద్యులు ఉన్నారు. నీరు కాచి తాగాలని, మలమూత్రాలకు గోతులు తవ్వాలని పట్టుపట్టి చేయించారు. కూలీల గుడిసెలలో వైద్యుడు లేడు, చెప్పే అధికారి లేడు. కొన్నిచోట్ల భార్యాపిల్లలతో సహా వెళ్ళినవారు ఉన్నారు. అక్కడ చావు గుంపులు గుంపులుగా వచ్చింది. చనిపోయినవాని పేరు రాసుకునేవాడు కూడ చనిపోయాడు.

సింగపూరులో జరిగిన 131 విచారణలు

మొదటి ఖాతా, అనగా శిక్ష సంగతి. 1946 నుండి 1948 వరకు బ్రిటిషు సైనిక న్యాయస్థానాలు సింగపూరులో 131 విచారణలు జరిపాయి. వాటికి ఆధారం 1945 జూన్‌లో వెలువడిన రాజశాసనం.

మన పాఠకులు గర్వంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. సింగపూరులో మొట్టమొదటి విచారణ 1946 జనవరి 21న మొదలైంది. అది భారతీయ యుద్ధ ఖైదీల కేసు! సింగపూరు నుండి పలావు దీవులకు తీసుకుపోయిన భారతీయ సైనికులను ఆకలికి మాడ్చి, కొట్టి, ఒకరి తల నరికినందుకు కెప్టెన్ గోజావా సదాయిచీని, మరి తొమ్మిదిమందిని బోనులో నిలబెట్టారు. ఒకరికి మరణశిక్ష పడింది. గోజావాకు జైలు శిక్ష పడింది. బ్రతికి బయటపడిన భారతీయ సైనికుల సాక్ష్యమే ఆ కేసుకు ప్రాణం.

1947 మార్చి, ఏప్రిల్ నెలలలో విక్టోరియా మెమోరియల్ హాలులో చీనావారి సామూహిక హత్యల విచారణ జరిగింది. ఏడుగురిలో ఇద్దరికి ఉరి, మిగిలినవారికి యావజ్జీవ శిక్ష. చీనా సమాజం దీనితో తృప్తి పడలేదు. ఇంతమంది ప్రాణాలకు రెండు ప్రాణాలేనా అని మండిపడింది. ఆ కోపమే పదిహేనేళ్ళ తరువాత పెద్ద ఉద్యమమైంది. దాని సంగతి ముందు చెబుతాను.

రైలు మార్గం మీద కూడ పెద్ద విచారణలు జరిగాయి. 1946లో 'ఎఫ్ ఫోర్సు' కేసు నడిచింది. అది సింగపూరు నుండి పంపిన 7 వేల మంది ఖైదీలలో 3 వేలకు పైగా చనిపోయిన సంగతికి సంబంధించినది. అదే ఏడాది చివర, రైలు నిర్మాణాన్ని నడిపిన లెఫ్టినెంట్ జనరల్ ఇషిదా ఎయిగుమా మీద, మరి నలుగురి మీద విచారణ జరిగింది. ఇషిదాకు పదేళ్ళ జైలు పడింది. ఖైదీల శిబిరాలు చూసిన అధికారులలో ఇద్దరికి మరణశిక్ష పడింది.

అయితే ఈ కేసులలో వాదమంతా ప్రధానంగా తెల్ల ఖైదీల చుట్టూనే తిరిగింది. చచ్చిన కూలీలు ఖైదీలకు ఎన్నో రెట్లయినా, కూలీల కోసమే నడిచిన కేసులు బహు తక్కువ. బ్రిటిషు న్యాయవాదులకు మనమంటే పగ అని దీనికి అర్థం కాదు. న్యాయస్థానానికి కావలసినవి మూడు: ఎవరు చచ్చారు, ఎప్పుడు చచ్చారు, ఎవరు చూశారు. ఖైదీల అధికారులు శిబిరంలోనే రహస్యంగా డైరీలు రాశారు, చావుల పట్టిక రాశారు. ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు చేరిన తరువాత ప్రమాణ పత్రాలు రాసి పంపారు. మనవారు మిగిలిన ప్రాణంతో తోటకు చేరి, మరునాడు కత్తి పట్టుకుని రబ్బరు చెట్టు దగ్గరికి పోయారు. వారిని పిలిచి అడిగినవారు చాలా తక్కువ. చదువు రానివారు తమంతట తాము రాసి పంపలేదు.

1951: సంధి, అదేరోజు కూటమి

ఇక రెండవ ఖాతా. 1951 సెప్టెంబరు 8న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 48 రాజ్యాలు జపానుతో శాంతి సంధి చేసుకున్నాయి. అది 1952 ఏప్రిల్ 28న అమలులోకి వచ్చింది. అందులో మనకు కావలసిన మాటలు రెండు. 11వ అధికరణం ప్రకారం యుద్ధ నేర న్యాయస్థానాల తీర్పులను జపాను ఒప్పుకున్నది. 14వ అధికరణంలో, జపాను పరిహారం ఇవ్వవలసినదే గాని పూర్తిగా ఇచ్చే శక్తి దానికి లేదని చెప్పి, మిత్ర రాజ్యాలు తమ హక్కులనూ, తమ ప్రజల హక్కులనూ వదులుకున్నాయి. "తమ ప్రజల హక్కులు" అన్న ఆ చిన్న మాటలో తోట కూలీ కూడ కలిసిపోయాడు.

మలయా, సింగపూరు అప్పుడు వలసలు. వాటి తరఫున సంతకం బ్రిటనుది. ఇండియా ఆ సభకు పోలేదు. 1952 జూన్ 9న జపానుతో వేరుగా సంధి చేసుకుని, తానూ పరిహారం వదులుకున్నది. కనుక మనవారిని పంపిన దేశమూ, పని చేయించుకున్న దేశమూ రెండూ వారి మాట ఎత్తకుండానే సంతకాలు చేశాయి.

అప్పటికే స్వతంత్రమైన దేశాల సంగతి చూడండి. బర్మా 1954లో తానే కూర్చుని మాట్లాడి 20 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పందం చేసుకున్నది. ఫిలిప్పీన్సు 1956లో 55 కోట్ల డాలర్లకు, ఇండోనేషియా 1958లో 22 కోట్లకు పైగా డాలర్లకు ఒప్పించాయి. అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. అడగడానికి ముందు బల్ల దగ్గర కుర్చీ కావాలి.

జపాను మీద ఇంత ఉదారం ఎందుకు? 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. అమెరికాకు ఆసియాలో జపాను కావలసివచ్చింది. శాంతి సంధి మీద సంతకమైన అదే రోజున అమెరికా, జపాను రక్షణ ఒప్పందం మీద కూడ సంతకం చేశాయి. నిన్నటి శత్రువు ఈనాటి మిత్రుడైనాడు. మిత్రుని పాత ఖాతా తిరగవేయడం మర్యాద కాదు గదా! 1951లోనే చాంగీ జైలులోని నేరస్థులను టోక్యోకు తరలించారు. 1954లో జపాను కొలంబో ప్రణాళికలో చేరింది. 1956 డిసెంబరు 18న ఐక్యరాజ్య సమితిలో చేరింది. 1958 డిసెంబరు నాటికి టోక్యో జైలులో ఉన్న యుద్ధ నేరస్థులందరూ విడుదలయ్యారు. ఈ తేదీలను వరుసగా చదివితే చాలు, వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

బ్రిటిషు యుద్ధ ఖైదీలకు జపాను ఆస్తుల నుండి తలకు సుమారు 76 పౌండ్లు ముట్టాయి. అది తక్కువని వారు జీవితాంతం పోరాడారు. తోట కూలీకి ఆ సంధి వల్ల వచ్చిన పౌను లేదు.

రక్త ఋణం

1962లో సింగపూరు తూర్పు భాగాన సిగ్లాప్ వైపు సామూహిక సమాధులు బయటపడ్డాయి. చీనా వర్తక సంఘం ఎముకలు తీయించి, "రక్త ఋణం" తీర్చమని జపానును అడిగింది. 1963 ఆగస్టు 25న సిటీ హాలు ఎదుట లక్షకు పైగా జనం చేరారు. సంధితోనే అంతా ముగిసిందని జపాను వాదించింది. చట్టం ప్రకారం ఆ వాదానికి బలం ఉన్నది. కాని జనం కదిలితే చట్టం మూసిన తలుపును రాజకీయం కొంచెం తెరవగలదు. 1966 అక్టోబరులో 5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. సగం దానం, సగం అప్పు. 1967 ఫిబ్రవరి 15న బీచ్ రోడ్డు దగ్గర నాలుగు స్తంభాల స్మారకాన్ని ఆవిష్కరించారు. అది నాలుగు జాతుల పౌరులకూ కలిపి కట్టినది. 1967 సెప్టెంబరులో మలేషియాతో కూడ ఒప్పందం కుదిరింది. దాని విలువ 2 కోట్ల 50 లక్షల మలేషియా డాలర్లు. అది కూడ ఓడల రూపంలో. రైలు దారిన చచ్చిన కూలీల ఇళ్ళకు అందులో చేరినది లేదు.

చీనావారు ఎలా సాధించారు? వారికి సంఘం ఉన్నది, డబ్బు ఉన్నది, అన్నిటికంటె ముఖ్యంగా చూపించడానికి ఎముకలు సింగపూరులోనే ఉన్నాయి. మనవారి ఎముకలు సయాం అడవులలో ఉన్నాయి.

గుమ్మం దగ్గరే అడగాలి

ఇది జపాను ఒక్కదాని కథ కాదు. తరువాతి కాలంలో కొన్ని కూటములు గుమ్మం దగ్గరే లెక్క అడగడం నేర్చుకున్నాయి. యుగోస్లావియా యుద్ధాల తరువాత క్రొయేషియా ఐరోపా సమాఖ్యలో చేరాలనుకున్నది. 2005 మార్చిలో మొదలుకావలసిన చర్చలను సమాఖ్య ఆపివేసింది. జనరల్ గొటొవినాను హేగ్ న్యాయస్థానానికి అప్పగించడానికి ఆ దేశం సహకరించడంలేదన్నది కారణం. సహకారం దొరికిన తరువాత అక్టోబరులో చర్చలు మొదలైనాయి. డిసెంబరులో ఆయన దొరికాడు. క్రొయేషియా 2013లో సభ్యత్వం పొందింది. గొటొవినాను 2012లో పై న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టింది. ఇందులోనూ నీతి ఉన్నది: కూటమి చేయగలిగింది మనిషిని బోను దాకా తేవడమే. తీర్పు న్యాయమూర్తిది. అలాగే సెర్బియా జనరల్ మ్లాదిచ్‌ను 2011 మేలో పట్టి అప్పగించింది. 2012 మార్చిలో దానికి అభ్యర్థి హోదా దక్కింది.

మన ఆసియాన్ కూటమి పద్ధతి వేరు. ఒకరి ఇంటి సంగతి మరొకరు అడగరాదని దాని నియమం. కంబోడియా 1999 ఏప్రిల్‌లో ఆసియాన్‌లో చేరింది. పోల్‌పాట్ కాలపు హత్యలకు న్యాయస్థానం పని మొదలుపెట్టింది 2006లో. 2022లో అది ముగిసేసరికి శిక్ష పడినవారు ముగ్గురు. తూర్పు తిమోరు సంగతి ఇంకా కష్టమైనది. 1999 హింసకు ఐక్యరాజ్య సమితి విభాగం దాదాపు 400 మంది మీద నేరం మోపింది. వారిలో 300 మందికి పైగా ఇండోనేషియాలో ఉండిపోయారు. పక్కనున్న పెద్ద దేశంతో పగ కంటె స్నేహం మేలని తిమోరు నాయకులు ఎంచుకున్నారు. 2025 అక్టోబరు 26న తిమోరు ఆసియాన్‌లో పదకొండవ సభ్యురాలైంది. చిన్న దేశం బ్రతకాలి గనుక వారిని తప్పుపట్టలేము. కాని కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఆ సభ్యత్వం సమాధానం కాదు. రెండూ నిజమే.

మనకు మిగిలిన పని

"ఇంత కాలానికి ఈ పాత పుండును గోకడం ఎందుకు? మన పిల్లలు జపాను కంపెనీలలో పని చేస్తున్నారు గదా" అని కొందరు అనవచ్చు. ఇది పగ మాట కాదు. జపానులోనూ సిగ్గుపడినవారు ఉన్నారు. రైలు దారిన దుబాసీగా పని చేసిన నగాసే తకాషి 2011లో చనిపోయే వరకు మళ్ళీ మళ్ళీ కాంచనబురికి పోయి ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు. 1994లో ప్రధాని మురయామా సింగపూరు పౌర స్మారకం ముందు తల వంచాడు. పగ తీరడం వేరు, లెక్క పోవడం వేరు.

కాంచనబురిలో ఖైదీల సమాధులు సుమారు 7 వేలు ఉన్నాయి. ప్రతి రాయి మీద అక్షరాలు ఉన్నాయి. ఆ ఊరిలోనే వాట్ తావోర్న్ అనే బౌద్ధ ఆలయంలో కూలీల ఎముకలను కుప్పగా పాతిపెట్టారు. 1944లో జపాను ఇంజనీర్లే కట్టిన స్మారక స్తంభం దగ్గర తమిళంలో కూడ రాత ఉన్నది. తెలుగులో లేదు.

చట్టం తలుపు మూసుకున్నది, డబ్బు రాదు. ఆశ పెట్టడం మోసమే అవుతుంది. కాని పేర్ల పట్టిక చేయడానికి ఏ సంధీ అడ్డురాదు. ప్రతి ఇంటివారూ పెద్దలను అడిగి ఈ సంగతులు రాయాలి: వెళ్ళినవారి పేరు, ఇంటిపేరు, ఆంధ్రదేశంలో వారి ఊరు; ఏ తోట, ఏ కంగాణీ; ఏ నెలలో వెళ్ళారు, ఎవరితో వెళ్ళారు; ఎవరు తిరిగి వచ్చి కబురు చెప్పారు. తెలియనిచోట ఖాళీ వదలండి, ఊహించి నింపకండి. పెద్దల గొంతును టేపు మీద పట్టి ఉంచండి. సింగపూరు జాతీయ పత్ర భాండాగారంలో 1979 నుండి మౌఖిక చరిత్ర విభాగం ఉన్నది. మలేషియాకూ జాతీయ పత్ర భాండాగారం ఉన్నది. మన సంఘాలు ఈ పట్టికలను ఒకచోట చేర్చి ఆ భాండాగారాలకు అందజేయవచ్చు.

1946లో న్యాయస్థానం అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎవరు చచ్చారు? ఆనాడు జవాబు చెప్పే అవకాశం మన తాతలకు దొరకలేదు. ఆ ప్రశ్నకు గడువు లేదు. దానికి జవాబు రాయగలిగినవారు మన ఇళ్ళలో ఇంకా కొద్దిమంది ఉన్నారు. వారు పోకముందే రాద్దాం.